పొట్టలో కూలీలకు కూడు పెట్టకుండా పొడి వేస్తే పాలు రావు

(మండల పాడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ప్రొబయోటిక్స్ గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. పదో తరగతి వరకు చదివాను. ముప్పై ఏళ్లుగా గేదెల్ని మేపుతున్నాను. ఇరవై ఏళ్లుగా సంఘంలో తిరుగుతున్నాను. నేను చేసింది, నష్టపోయింది, ఆ తర్వాత పశువైద్యుల్ని అడిగి తెలుసుకున్నది మాత్రమే మీకు చెప్తాను. తప్పుంటే ఇక్కడే లేచి చెప్పండి.

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, మన ఊళ్లలో పాలు పోసే చోటల్లా ఏదో ఒక పొడి డబ్బా కనిపిస్తోంది. ఒకరు ఈస్ట్ అంటారు, ఒకరు ప్రొబయోటిక్ అంటారు, ఒకరు రూమెన్ టానిక్ అంటారు. "ఇది వేస్తే ఎండుగడ్డి కూడా అరిగిపోతుంది, దాణా ఖర్చు సగం" అని చెప్తారు. డబ్బు పాల బిల్లులో కోస్తారు. చేతిలోంచి ఇవ్వం కాబట్టి మనకు నొప్పి తెలియదు. నాకూ తెలియలేదు.

నా నష్టం లెక్క

మూడేళ్ల కిందటి ఎండాకాలం. మాకు మూడు పాడి గేదెలు, ఒక వట్టిపోయిన గేదె, రెండు దూడలు. ఆ ఏడు కాలవకు నీళ్లు ఇవ్వక మా వైపు దాళ్వా వెయ్యలేదు. గడ్డి కొనుక్కోవాల్సి వచ్చింది. ట్రాక్టరు గడ్డి రేటు వినగానే మా ఆయన నులకమంచం మీద కూలబడ్డాడు. ఒక గేదెను అమ్మేద్దామా అనుకుంటున్న రోజుల్లో, పాలు పట్టుకెళ్లే కుర్రాడు ఒక డబ్బా తెచ్చాడు.

"పిన్నీ, రోజుకో చెంచా వెయ్యి. వరిగడ్డి పచ్చగడ్డిలా అరుగుతుంది. చెక్క సగానికి తగ్గించెయ్" అన్నాడు. వాణ్ని నేను తప్పుపట్టను. వాడికి పైవాళ్లు ఏం చెప్పమన్నారో అదే చెప్పాడు.

గేదెకు రోజుకు 2 కిలోల పత్తి చెక్క పెట్టేదాన్ని. 1 కిలోకు దించాను. మూడు గేదెలూ కలిసి రోజుకు 18 లీటర్లు ఇచ్చేవి. నలభై రోజులు తిరిగేసరికి 14 లీటర్లకు వచ్చాయి. ఎండలనుకున్నాను, దిష్టి అనుకున్నాను. మా అమ్మాయి కాగితం తీసి లెక్క వేసింది. చెక్క 3 కిలోలు మిగిలింది, కిలో 38 రూపాయల చొప్పున 114 రూపాయల ఆదా. పొడికి గేదెకు 15 చొప్పున 45 రూపాయలు ఖర్చు. తగ్గిన పాలు 4 లీటర్లు, లీటరు 55 చొప్పున 220 రూపాయలు. అంటే రోజుకు 151 రూపాయలు ఎదురు పోతున్నాయి. ఆదా చేస్తున్నాననుకుని నేను రోజూ ఒక కూలీ సగం డబ్బు దానం చేస్తున్నాను.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి తగిలింది. మూడింటిలో బాగా పాలిచ్చే గేదె పక్కటెముకలు తేలిపోయింది. ఈని ఐదు నెలలైనా ఎదకు రాలేదు. ఈతకూ ఈతకూ మధ్య కాలం పెరిగితే ఆ గేదెను ఎన్ని నెలలు ఊరికే మేపాలో మీకు చెప్పక్కర్లేదు.

అప్పుడు పశువుల ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు గారు మొదట అడిగిన ప్రశ్న, "అమ్మా, ఆ డబ్బా ఎక్కడ పెడుతున్నారు?"

"రేకుల పాకలో, దూలం మీదండీ."

"ఎలా పెడుతున్నారు?"

"ఉడికించిన దాణాలో కలిపి పెడుతున్నానండీ."

"అవి ప్రాణం ఉన్నవమ్మా. రేకుల కింద ఎండకు సగం చచ్చి ఉంటాయి. మిగతా సగాన్ని మీరు వేడి దాణాలో చంపారు. ఒకవేళ బతికి పొట్టలోకి వెళ్లాయే అనుకోండి, అక్కడ వాటికి తినడానికి ఏం ఉంచారు?" అన్నారు.

ఆ చివరి ప్రశ్నే నాకు కళ్లు తెరిపించింది. ఈ రోజు నా మాటలన్నీ దానికి జవాబే.

గడ్డిని అరిగించేది గేదె కాదు

గేదె గానీ ఆవు గానీ మేక గానీ గొర్రె గానీ, గడ్డిని సొంతంగా అరిగించుకోలేవు. గడ్డిలో ఉండే పీచును విడగొట్టే రసం వాటి ఒంట్లో ఊరదు. ఆ పని చేసేవి వాటి మొదటి పొట్టలో ఉండే సూక్ష్మజీవులు. ఆ పొట్టనే రూమెన్ అంటారు. పెద్ద గేదెకు అది వంద లీటర్లు పట్టే గాబు లాంటిది. అందులో కోట్లకు కోట్లు బ్యాక్టీరియా, వాటికంటే పెద్దవైన ప్రోటోజోవా, శిలీంధ్రాలు ఉంటాయి. గాలి ఆడని ఆ చీకటి గాబులోనే ఇవి బతుకుతాయి. అక్కడ శిలీంధ్రాలు కూడా ఉన్నాయని ఇంగ్లండులో కాలిన్ ఆర్పిన్ అనే శాస్త్రవేత్త 1975లో తేల్చేదాకా ప్రపంచానికి తెలియదు. గట్టి కాడల్లోకి వేళ్లు దింపి చీల్చేవి అవే.

ఈ సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. అప్పుడు కొన్ని ఆమ్లాలు పుడతాయి. పొట్ట గోడలు వాటిని పీల్చుకుంటాయి. పశువుకు వచ్చే శక్తిలో దాదాపు 70 శాతం ఈ ఆమ్లాల నుంచే వస్తుంది. వాటిలో ఒకటి ఎసిటిక్ ఆమ్లం. పీచు బాగా అరిగితే అది ఎక్కువ పుడుతుంది. పాలలో వెన్నకు ముడిసరుకు అదే. మనకు డబ్బు వచ్చేది వెన్న శాతం మీద కాబట్టి ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆ సూక్ష్మజీవులు పెరిగి, పెరిగి, గడ్డితోపాటు ముందు పొట్టల్లోకి జారిపోయి, అక్కడ అరిగి గేదెకు మాంసకృత్తులు అవుతాయి. బతికినన్నాళ్లు పని చేసి, చచ్చి కూడా యజమానికి తిండి అవుతాయన్నమాట. నేను వాటిని పొట్టలో కూలీలు అంటాను. కూలీల సంగతి ఈ సభలో ఉన్నవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. పని జరగాలంటే మనుషులు ఉంటే చాలదు, వాళ్లకు కూడుండాలి, నీళ్లుండాలి, పని చేసే చోటు చేయదగ్గట్టు ఉండాలి.

మన మేతలో ఉన్నదేమిటి, లేనిదేమిటి

మన గేదెలు తినేది దాదాపు అంతా మనం తినగా, అమ్మగా మిగిలిన సరుకే. వరిగడ్డి, జొన్న చొప్ప, మొక్కజొన్న చొప్ప, వేరుశనగ కట్టె, కందిపొట్టు, మినపపొట్టు, తవుడు, నూనె తీసిన తవుడు, పత్తి చెక్క, చెరకు ఆకు. ఇప్పుడు వీటికి తోడు బీరు పొట్టు, ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే ధాన్యపు పిప్పి, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల తొక్క, గోదావరి జిల్లాల వైపు సగ్గుబియ్యం మిల్లుల పిప్పి. ఇవన్నీ మేతే. కానీ ఒక్కొక్కదాని జబ్బు ఒక్కొక్కటి.

వరిగడ్డి చూడండి. అందులో మాంసకృత్తులు 3, 4 శాతమే. పొట్టలో సూక్ష్మజీవులు సరిగ్గా పని చేయాలంటే మొత్తం మేతలో కనీసం 7 శాతమన్నా ఉండాలి. పైగా వరిగడ్డిలో ఇసుక జాతి సరుకు, సిలికా, మిగతా గడ్డి కంటే చాలా ఎక్కువ. దానికి తోడు లిగ్నిన్ అనే కట్టె పదార్థం పీచును కట్టేసి ఉంచుతుంది. గాలి లేని రూమెన్‌లో లిగ్నిన్‌ను విప్పగల సూక్ష్మజీవి దాదాపు లేదు. ఇంకా వరిగడ్డిలో ఉండే ఆక్సలేట్లు సున్నాన్ని పట్టేసుకుంటాయి. పాలిచ్చే గేదెకు సున్నం ఎంత ముఖ్యమో మీకు తెలుసు.

తవుడు మంచిదే. కానీ నూనె తీయని తవుడు విపరీతంగా పెడితే ఆ నూనె పీచును అరిగించే సూక్ష్మజీవుల్ని అణచేస్తుంది. గడ్డి అరగదు. పత్తి చెక్కలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. పెద్ద పశువు రూమెన్ దాన్ని తట్టుకుంటుంది, చిన్న దూడ తట్టుకోలేదు. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న పెడితే అఫ్లాటాక్సిన్ పాలలోకి కూడా వస్తుంది. ఇథనాల్ పిప్పిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. గింజలోని పిండి అంతా సారాగా వెళ్లిపోతుంది, విషం మాత్రం మిగిలిన పిప్పిలో చిక్కబడుతుంది. తడి బీరు పొట్టు 100 కిలోలు కొంటే అందులో 75 నుంచి 80 కిలోలు నీళ్లే. రవాణా ఖర్చు వేసుకుని కొనండి. ఎండాకాలంలో రెండు మూడు రోజులకే చెడుతుంది.

అన్నిటికంటే ప్రమాదం పిండి సరుకు. మా ఊళ్లో పెళ్లి అయ్యాక మిగిలిన అన్నం ఒక గంపెడు తెచ్చి ఒకాయన చూడి గేదెకు పెట్టాడు. ప్రేమతోనే పెట్టాడు. రెండో రోజు తెల్లవారేసరికి గేదె లేదు. పిండి ఒక్కసారిగా పడితే రూమెన్‌లో ఒక జాతి బ్యాక్టీరియా విజృంభించి లాక్టిక్ ఆమ్లం పుట్టిస్తుంది. ఆ పులుపుకు పీచును అరిగించేవి చచ్చిపోతాయి, తర్వాత పశువు చచ్చిపోతుంది. అలా తిన్నదని తెలిసిన వెంటనే, జబ్బు లక్షణం కనిపించక ముందే, డాక్టరును పిలవాలి. పొడి డబ్బా కోసం వెతుకుతూ కూర్చోకూడదు.

పొడి ఏం చేయగలదు

ప్రొబయోటిక్ అంటే పశువుకు మేలు చేసే సూక్ష్మజీవుల్ని బతికున్నవాటిని, తగినన్నిటిని ఇవ్వడం. "బతికున్నవి", "తగినన్ని". ఈ రెండు మాటల్లోనే అంతా ఉంది.

పాడి పశువులకు ఎక్కువగా అమ్మేది ఈస్ట్. శాకరోమైసిస్ సెరవీసియే అని డబ్బా మీద ఉంటుంది. రొట్టెను పొంగించే జాతే. అది గడ్డిని నేరుగా కోసి అరిగించదు. మేతతో, నీళ్లతో రూమెన్‌లోకి దూరే కొద్దిపాటి గాలిని అది పీల్చేస్తుంది. గాలి తగ్గితే పీచును అరిగించే బ్యాక్టీరియాకు బాగుంటుంది. లాక్టిక్ ఆమ్లాన్ని తినే బ్యాక్టీరియాకు కూడా అది ఊతం ఇస్తుంది, అందువల్ల పులుపు పెరగకుండా కొంత కాపు ఉంటుంది. అంటే ఈస్ట్ మేస్త్రీ లాంటిది. కూలీలుంటే, సామాను ఉంటే పని నడిపిస్తుంది. ఇటుకా సిమెంటూ లేకుండా మేస్త్రీని పిలిచి ఏం లాభం?

ఈ ఈస్ట్ రూమెన్‌లో కాపురం పెట్టదు. అక్కడి వేడి 39 డిగ్రీలు. కొద్ది రోజుల్లో బయటికి పోతుంది. అందుకే రోజూ వేయాలి. "వారానికోసారి వేస్తే చాలు" అన్నవాడి మాట నమ్మకండి. చాలా దేశాల్లో జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే సగటున పాలు కొద్దిగా పెరిగాయి. కొన్ని మందల్లో పెరగనే లేదు. ఎక్కువ దాణా తిని, ఎక్కువ పాలిచ్చే, కొత్తగా ఈనిన పశువుల్లోనే లాభం కనిపించే అవకాశం. ఒట్టి వరిగడ్డి తిని వట్టిపోయిన గేదెకు వేస్తే డబ్బు పేడలో కలిసినట్టే.

దూడల సంగతి వేరు. పుట్టిన దూడకు రూమెన్ పని చేయదు. తల్లి నాకడంతో, మందలో తిరగడంతో సూక్ష్మజీవులు చేరతాయి. ఆ వయసులో లాక్టోబాసిల్లస్ జాతి ప్రొబయోటిక్స్ ఇస్తే పారుడు తగ్గిన దాఖలాలు ఉన్నాయి. కానీ పుట్టిన గంట, రెండు గంటల్లో జున్నుపాలు తాగించకుండా ఏ ప్రొబయోటిక్ ఇచ్చినా ఉపయోగం లేదు.

సూక్ష్మజీవిని ఇస్తే నిజంగా అద్భుతం జరిగిన ఉదాహరణ ఒకటుంది, సుబాబుల్ వేసిన రైతులు వినండి. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఆ ఆకు మేసిన పశువులకు వెంట్రుకలు ఊడి, గొంతు వాచి, బరువు తగ్గేవి. హవాయి దీవుల్లో మేకలు అదే ఆకు తిని హాయిగా ఉండేవి. తేడా పొట్టలోని సూక్ష్మజీవిలో ఉందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జోన్స్ అనుమానించారు. 1980ల మొదట్లో హవాయి పశువుల రూమెన్ సరుకును తెచ్చి అక్కడి పశువులకు ఇచ్చారు. వాటికీ ఆకు అరిగింది. మందలో ఒకదాని నుంచి ఇంకోదానికి కూడా పాకింది. ఆ బ్యాక్టీరియాకు 1992లో ఆయన పేరు కలిపి సినర్జిస్టెస్ జోన్సీ అని పెట్టారు.

అక్కడ ఎందుకు పని చేసింది? ఆ పని చేసే కూలీ ఆ పొట్టల్లో లేడు. తెచ్చి వదిలారు. అతనికి కావలసిన తిండి, ఆ ఆకు, రోజూ పడుతోంది. కాబట్టి నిలిచాడు. మన వరిగడ్డి కథ అది కాదు. వరిగడ్డిని అరిగించే సూక్ష్మజీవులు మన గేదెల్లో తరతరాలుగా ఉన్నాయి. వాటికి తిండే లేదు. (సుబాబుల్ మేపేవాళ్లు మొత్తం మేతలో మూడో వంతు దాటించకండి. మెల్లగా అలవాటు చేయండి.)

మేత పూర్తిగా మానేసిన పశువుకు, ఆరోగ్యంగా ఉన్న ఇంకో పశువు రూమెన్ నీళ్లు కొన్ని లీటర్లు తీసి గొట్టం ద్వారా పోస్తారు. మంచి డాక్టర్లు ఇప్పటికీ చేసే వైద్యమే. అదీ ప్రొబయోటిక్కే, డబ్బా లేని ప్రొబయోటిక్. చాలామంది అడుగుతారు, కుడితి కూడా ప్రొబయోటిక్కేనా అని. పులిసిన కుడితిలో మేలు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. కానీ ఎన్ని ఉన్నాయో, ఏ రకమో లెక్క ఉండదు. కుడితి వల్ల గేదె నీళ్లు బాగా తాగుతుంది, ఉప్పు, తవుడు వెళ్తాయి. ఆ లాభానికి పెట్టండి. తొట్టి మాత్రం రోజూ కడగండి. వారం నాటి అడుగు మడ్డి మందు కాదు, రోగం.

ముందు చేయాల్సిన పనులు

ఇప్పుడు డాక్టరు గారి ప్రశ్నకు జవాబు. కూలీలకు ఏం పెట్టాలి?

మొదటిది, వరిగడ్డిని యూరియాతో మాగేయడం. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించాలి. గడ్డిని పొరలు పొరలుగా పరిచి, ప్రతి పొర మీదా సమంగా చల్లి, బాగా తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచాలి. యూరియా నుంచి పుట్టే అమ్మోనియా గడ్డి కట్టును సడలిస్తుంది, మాంసకృత్తుల శాతం దాదాపు రెట్టింపు అవుతుంది. తీసిన గడ్డిని ఘాటు పోయేదాకా ఆరబెట్టి, వారం పది రోజుల్లో మెల్లగా పెంచుతూ పెట్టాలి. 45 కిలోల బస్తా 266 రూపాయల చొప్పున 4 కిలోలకు 24 రూపాయలు.

దీనితో చెలగాటం వద్దు. యూరియాను నేరుగా దాణాలో గానీ నీళ్లలో గానీ ఎప్పుడూ ఇవ్వకూడదు. కలిపిన బకెట్ దగ్గరికి గేదె రాకూడదు. ఆరు నెలల లోపు దూడకు మాగేసిన గడ్డి పెట్టకూడదు. నేను మొదటిసారి చేసినప్పుడు పట్టాకు చిల్లు ఉండి ఒక పక్క అంతా బూజు పట్టింది. ఆ పక్క పారేశాను. పారేయడానికి మనసు ఒప్పదు, అయినా పారేయాలి.

రెండోది, పప్పుజాతి మేత. మన పెద్దలు వరి కోశాక పిల్లిపెసర, జనుము చల్లేవాళ్లు. పొలానికి బలం, గొడ్డుకు మేత. యంత్రం కోతలు వచ్చాక అది మరిచాం. రోజుకు నాలుగైదు కిలోల పచ్చి పిల్లిపెసర గానీ అలసంద గానీ పడితే పొట్టలో కూలీలకు నత్రజని దొరుకుతుంది. లేకపోతే వేరుశనగ కట్టె, కందిపొట్టు, మినపపొట్టు కలపండి. ఇవి వరిగడ్డి కంటే ఎంతో నయం.

మూడోది, పెద్ద పశువుకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు, ఎప్పుడూ అందుబాటులో చల్లని నీళ్లు.

నాలుగోది, మేత మార్చాలంటే రెండు మూడు వారాలు తీసుకోండి. కొత్త మేతకు సూక్ష్మజీవులు అలవాటు పడాలి. దాణాను ఒకేసారి పెట్టకుండా రెండు మూడు పూటలుగా పెట్టండి. గడ్డిని ముక్కలు చేస్తే వృథా తగ్గుతుంది, ఎక్కువ తింటుంది.

ఈ నాలుగూ చేశాక పొడి గురించి ఆలోచించండి. నేను అలాగే చేశాను. మరుసటి ఏడు మాగేసిన గడ్డి, పిల్లిపెసర, చెక్క మళ్లీ 2 కిలోలు. పాలు వాటంతట అవే తిరిగి వచ్చాయి. ఆ తర్వాత కొత్తగా ఈనిన రెండు గేదెలకు ఆరు వారాలు ఈస్ట్ వేసి చూశాను. ఈసారి కుండ పక్కన చల్లగా పెట్టి, చల్లారిన దాణాలో కలిపాను. చెరో అర లీటరు పెరిగినట్టు మా అమ్మాయి పుస్తకం చెప్తోంది. వేయని మూడో గేదె పెరగలేదు. కానీ మూడు గేదెల లెక్కను నేను రుజువు అనను. అది పొడి వల్లో, కొత్త ఈత వల్లో నేను చెప్పలేను. వంద గేదెల లెక్క కావాలి. అది సంఘమే చేయగలదు.

కొనేవాళ్లు చూడాల్సినవి

డబ్బా మీద సూక్ష్మజీవి పేరు, గ్రాముకు ఎన్ని బతికున్నవి, ఎంత మోతాదు, ఎంత వేడి దాటకుండా ఉంచాలి, గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఉన్నాయా చూడండి. "శక్తివంతమైన మేలు జీవుల మిశ్రమం" అని మాత్రమే రాసి ఉంటే అక్కడే పెట్టేసి రండి. వేడి కుడితిలో, ఉడికిన దాణాలో కలపకండి. పశువుకు యాంటీబయోటిక్ నడుస్తుంటే బ్యాక్టీరియా ఉన్న ప్రొబయోటిక్ అప్పుడు దండగ.

లెక్క కూడా సులువే. పొడికి రోజుకు 15 రూపాయలు, పాలు లీటరు 55 అయితే, కనీసం 273 మిల్లీలీటర్లు పెరిగితేనే పెట్టుబడి వచ్చినట్టు. అంతకు తక్కువైతే మీరు కంపెనీకి పాలు పోస్తున్నట్టు.

సంఘం ముందు నా ప్రతిపాదనలు

ఒకటి. రైతు సంతకం లేకుండా, రసీదు ఇవ్వకుండా పాల బిల్లులో ఏ పొడికీ, ఏ టానిక్కుకూ డబ్బు కోయకూడదు. కోసిన చోట సంఘం వెళ్లి అడగాలి.

రెండు. ఆంధ్రప్రదేశ్‌లో పశువుల దాణా తయారీ, నాణ్యత, అమ్మకాలపై 2020లో చట్టం చేశారు. చట్టం కాగితం మీద ఉంటే గేదెకు అరగదు. అనుమానం వచ్చిన దాణా, పొడుల నమూనాలు తీయించి, పరీక్ష ఫలితం ఊళ్లో అందరికీ తెలిసేలా పెట్టించాలి.

మూడు. కోత మిషను పోయాక చేలో పడి ఉన్న గడ్డిని చుట్టే యంత్రాలు మండలానికి సరిపడా అద్దెకు దొరకాలి. జనవరిలో కాల్చేసిన గడ్డినే మేలో ట్రాక్టరు లెక్కన కొంటున్నాం. చేలో బూడిద చేసుకుని దుకాణంలో అరుగుదల పొడి కొనుక్కోవడం మన తెలివితక్కువే కాదు, యంత్రం అందని రైతుకు వేరే దారి కూడా లేదు. ఆ దారి చూపించమని అడుగుదాం.

నాలుగు. ఊరికి పదిమంది పాడి రైతుల్ని తీసుకుని మనమే పరీక్ష చేద్దాం. ఒకే దశలో ఉన్న గేదెల్లో సగానికి పొడి, సగానికి లేదు. మిగతా మేత ఒక్కటే. రెండు వారాలు ముందు, నాలుగు వారాలు వేస్తూ, రెండు వారాలు ఆపి, పాలు, వెన్న శాతం రాద్దాం. విశ్వవిద్యాలయం వాళ్లను పిలిచి లెక్క చూడమందాం. లాభం ఉందని తేలితే సంఘం తరఫున టోకున కొందాం. లేదని తేలితే ఆ మాట మన పత్రికలోనే అచ్చు వేద్దాం.

ఆ మూడేళ్ల కిందటి గేదె సంగతి చెప్పి ముగిస్తాను. మేత సరిచేశాక నాలుగు నెలలకు ఎదకు వచ్చింది. ఇప్పుడు చూడితో ఉంది, వచ్చే నెల ఈనుతుంది. ఆ రోజుల్లో అమ్మేసి ఉంటే నాకు ఈ మాటలు చెప్పే అవసరమే ఉండేది కాదు. మన ఊళ్లలో అలా అమ్మేసుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇంకో ఇంట్లో కట్టుకొయ్య ఖాళీ కాకూడదనే ఇంతసేపు మీ సమయం తీసుకున్నాను.

పెన్నూ పుస్తకం తెచ్చుకున్నవాళ్లు పరీక్షకు పేర్లు రాయించుకుని వెళ్లండి. సెలవు.